నష్టానికి దశమభాగం

ఆ రోజుల్లో మా జమ్మలమడుగులో ఇంజనీరింగు చదివి ఖాళీగా తిరిగొచ్చిన కుర్రవాణ్ణి చూసి జాలిపడడానికి ఎవరికీ తీరిక ఉండేది కాదు. వీధికొకడు ఉండేవాడు మరి. మా వీధికి నేను. బెంగుళూరులో ఏడాది ఉద్యోగం చేసి, రేపటినుంచి రానక్కర్లేదని కంపెనీవాళ్ళు మర్యాదగా చెబితే, అరవై వేల రూపాయలూ ఒక లాప్‌టాపూ పట్టుకుని దిగాను. పొద్దున తొమ్మిదింబావుకు షేర్ మార్కెట్టు తెరుచుకుంటుంది, మూడున్నరకు మూసుకుంటుంది, ఆ మధ్యలో తెలివైనవాడు నాలుగు రాళ్ళు వెనకేసుకుంటాడు, బతుకంటే ఇంతే కదా అనుకునేవాణ్ణి. ఆ తెలివైనవాణ్ణి నేనే అనడంలో నాకు రవ్వంత సందేహం లేదు. (సందేహమంతా మా నాయన దగ్గర ఉండేది. ఆయన ముప్పై రెండేళ్ళు బడిపంతులుగా చేసి, హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. కొడుకులో తెలివి ఎక్కడుందో వెతకడం ఆయనకు పాత అలవాటు.)

నేను చేసేది ఆ రోజుకారోజు వ్యాపారం. పొద్దున కొన్నది సాయంత్రంలోగా అమ్మేయాలి. ధర పడుతుందని తోస్తే ముందే అమ్మేసి, పడ్డాక కొని లెక్క సరిచేసుకోవచ్చు కూడా. "మన దగ్గర లేనిదాన్ని ముందే ఎట్ల అమ్ముతావురా? ఇది వ్యాపారమా, దొంగతనమా?" అని మా నాయన అడిగితే, "కంప్యూటర్ ఒప్పుకుంటాది నాయనా" అన్నాను. అంతకంటే మంచి జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు. ముందే అమ్మితే, ధర పడితే లాభం, పెరిగితే నష్టం. ఈ ఒక్క ముక్క మాత్రం దయచేసి గుర్తుంచుకోండి, మా ఇంట్లో జరిగిన గందరగోళమంతా దీనిమీదే నడిచింది.

ఇక స్టాప్ లాస్ అని ఒకటుంది. ఇంతవరకు పోతే చాలు, బయటికొచ్చేస్తాను అని ముందుగానే మెషీన్లో పెట్టుకునే ధర. ధర అక్కడికి రాగానే మెషీనే మనల్ని బయటికి నెట్టేస్తుంది. నేను రోజూ బుద్ధిగా పెట్టేవాణ్ణి. ధర దాని దగ్గరికి రాగానే, ఒక్క రూపాయే కదా అని దాన్ని అవతలికి జరిపేవాణ్ణి. మళ్ళీ దగ్గరికొస్తే మళ్ళీ జరిపేవాణ్ణి. ఇలా జరిపి జరిపి మూడు వారాల్లో పది వేలు మట్టిలో కలిపాను. అన్నం తినేటప్పుడు కూడా ఎడమచేత్తో ఫోను చూస్తుంటే మా అమ్మ, "ఏందిరా అది, కంచంలో ఏముందో కూడా చూడకుండా తింటాండావు" అనేది. కంచంలో ఏముందో నిజంగానే నాకు తెలిసేది కాదు.

అప్పుడు దొరికాడు ప్రొద్దుటూరులో గొర్రెల సార్. ఆయన బంగారం అంగట్లో లెక్కలు రాసే మనిషి. వాళ్ళది చక్రాయపేట వైపు గొర్రెలు మేపే కుటుంబం. చిన్నప్పుడు మంద వెంట తిరిగి, తరువాత బీకాం చదివి, పదేళ్ళుగా షేర్లు చేస్తూ, ఇల్లు పోగొట్టుకోకుండా నిలబడ్డవాడు. (మా ప్రాంతంలో ఆ మాత్రం నిలబడ్డవాణ్ణి గురువు అనవచ్చు.) శనివారం పొద్దున బస్సెక్కి పోయి, అంగడి మెట్ల మీద ఆయన పక్కన కూచునేవాణ్ణి. ఫీజు ఒక కాఫీ. నా పది వేల కథ విని ఆయన నవ్వలేదు, కాఫీ ఊదుకుంటూ అన్నాడు:

"అబ్బోడా, మందలో ఒక్కో జీవానికి ఒక్కో తిరుగుడు ఉంటాది. ముసలి గొర్రె పది అడుగులు పోయి మేస్తాది. పొట్టేలు పిల్ల అయితే చేను దాటి పోతాది. పొట్టేలు దూరం పోయిందని రాయి ఇసిరితే నీ చెయ్యే నొప్పి, అది తిరిగొచ్చేదే. ముసలి గొర్రె అంత దూరం పోయిందనుకో, అప్పుడు ఏందో అయిందని లెక్క. షేరుకూ అంతే. ముందు దాని తిరుగుడు ఎంతో చూడు."

చూసే పద్ధతి కూడా చెప్పాడు. పద్నాలుగు రోజులు ఆ షేరు రోజుకు ఎంత కిందా మీదా అయిందో రాసి, సగటు తీయాలి. ఆ సగటులో సగం దూరాన మన హద్దు పెట్టుకోవాలి. (స్టాప్ లాస్‌ను ఆయన హద్దు అనే అనేవాడు.) హద్దు మరీ దగ్గరుంటే షేరు మామూలుగా ఊగినా మనం బయటపడతాం, మరీ దూరముంటే మునిగిపోతాం. "ఇంక దుడ్లు. నీకాడ యాభై వేలు ఉండాయి. తప్పు పడితే ఐదు వందల కంటే పోగూడదు, ఏ షేరయినా సరే. ఎగిరేది తక్కువ కొను, నిమ్మళంగా ఉండేది ఎక్కువ కొను. పొద్దుకు రెండు దెబ్బలు తింటే మూసేసి పో, ఇంట్లో ఏమన్నా పని ఉంటే చెయ్యి" అన్నాడు. చివరికి నా మోచెయ్యి పట్టుకుని, "హద్దు పెట్టినాక జరపగూడదు. గట్టురాయి జరిపినోడు మన జిల్లాలో ఎవడన్నా నిమ్మళంగా నిద్రపోయినాడా చెప్పు?" అన్నాడు. ఎవడూ నిద్రపోలేదు, అది అందరికీ తెలుసు.

నేను తిరుగు బస్సులో నిలబడే ఉన్నాను గానీ నేల మీద లేను. ఇంత సులువైన రహస్యం నా చేతికి చిక్కిందని బస్సులో ఉన్నవాళ్ళందరికీ చెప్పాలనిపించింది. ఇంటికొచ్చి మా నాయనకు చెప్పాను. ఆయన అంతా విని, లేచిపోయి బీరువాలోంచి రెండు తెచ్చాడు. ఒకటి రెండొందల పేజీల నోటుపుస్తకం. రెండోది పులివెందులలో బీఎడ్ కాలేజీ దరఖాస్తు ఫారం. అందులో నా పేరు, పుట్టిన తేదీ, మార్కులు, అన్నీ ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో నింపేసి ఉన్నాయి. ఫోటో కూడా అంటించి ఉంది. సంతకం ఒక్కటే తక్కువ.

"నలభై పొద్దులు ఇస్తాండా. రోజూ ఈ పుస్తకంలో రాయి. ఏం కొన్యావు, ఏం అమ్మినావు, హద్దు యాడ పెట్టినావు. సాయంత్రం నేను దిద్దుతా. ముందుగా హద్దు రాసింటే ఐదు మార్కులు. లెక్క ప్రకారం తక్కువో ఎక్కువో కొనింటే రెండు. హద్దు జరపకుంటే మూడు. నలభై పొద్దుల్లో ఒక్కసారి జరిపినావంటే మాత్రం ఈ ఫారం మీద సంతకం పెట్టి పులివెందుల బస్సెక్కల్ల."

"మరి లాభానికి ఎన్ని మార్కులు నాయనా?"

"లాభానికి మార్కుల్లేవు" అన్నాడు ఆయన, ఎర్ర పెన్ను జేబులో పెట్టుకుంటూ.

ఆ నలభై రోజులూ నా జన్మలో అంత ఉత్సాహంగా నేను ఎన్నడూ లేను! తెల్లవారుజామునే లేచి పద్నాలుగు రోజుల లెక్కలు వేసేవాణ్ణి. తొమ్మిదింబావు అయ్యేసరికి లాప్‌టాప్ ముందు సిద్ధంగా ఉండేవాణ్ణి. గెలిచినరోజు ఇంట్లో పాటలు పాడేవాణ్ణి. ఓడినరోజు కూడా, ఐదు వందలే కదా పోయింది అని కాలర్ సర్దుకునేవాణ్ణి. సాయంత్రం ఆరు గంటలకు మా నాయన కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం తెరిచేవాడు. ఒకరోజు నాకు పన్నెండు వందలు వచ్చాయి, హద్దు రాయడం మరిచిపోయాను. ఐదు మార్కులు కోసేసి, పక్కన 'అజాగ్రత్త' అని రాశాడు. పన్నెండు వందలు వచ్చాయి కదా నాయనా అని బతిమాలితే, "చూచి రాసినోడికి కూడా మార్కులొస్తాయి" అన్నాడు. నాకు రోషమొచ్చి మరుసటి రోజునుంచి ఎక్కడా తప్పు దొరకనివ్వలేదు. అప్పుడు ఆయనకే పట్టుదల పెరిగి, అక్షరదోషాలు దిద్దడం మొదలుపెట్టాడు. అలా ముప్పై ఎనిమిది రోజులు గడిచాయి. హద్దు ఒక్కసారి కూడా జరగలేదు. ఫారం బీరువాలో పసుపురంగుకు తిరుగుతోంది.

ముప్పై తొమ్మిదో రోజు బుధవారం. బుధవారమంటే మా ఇంట్లో స్త్రీల ఉపవాస కూడిక. మా చర్చి సంఘంలో ఆడవాళ్ళు వారానికొక ఇంట్లో కూడి పాటలు పాడి, ఎవరి కష్టం వాళ్ళు చెప్పుకుని ప్రార్థన చేస్తారు. ఆ వారం మా వంతు. (మా నాయన ఆ రోజు పొద్దున్నే లైబ్రరీకి వెళ్ళిపోయాడు. ఇరవైమంది ఆడవాళ్ళ మధ్య కూచునే ధైర్యం హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు కూడా ఆయనకు లేదు.) నేను లోపలి గదిలో లాప్‌టాప్ ముందు కూచున్నాను. హాలుకూ గదికీ మధ్య ఒక పూల కర్టెన్. ఆ రోజు నేను పట్టుకున్నది ఒక సిమెంటు కంపెనీ షేరు. ధర నాలుగు వందలు, రోజు తిరుగుడు సగటున పది రూపాయలు. పడుతుందని లెక్క తేలింది. పది గంటల ఐదు నిమిషాలకు వంద షేర్లు ముందే అమ్మేశాను. హద్దు నాలుగు వందల ఐదు. పుస్తకంలో రాసి, కింద గీత కూడా గీశాను.

కాఫీ తెచ్చిన మా అమ్మ వంగి చూసి, "ఏం షేరురా ఈ పొద్దు?" అంది.

"సిమెంటు."

"సిమెంటా? మంచిది నాయనా, గట్టిగా నిలబడతాది" అని తృప్తిగా వెళ్ళిపోయింది. కొన్నానో అమ్మానో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. షేరు నేను అనుకున్నట్టే నాలుగు వందల నుంచి మూడొందల తొంభై ఏడుకు దిగింది. మూడు వందలు లాభం! కాళ్ళు ఊపుకుంటూ కాఫీ తాగాను.

అటు హాల్లో పాటలు అయిపోయి విన్నపాలు మొదలయ్యాయి. ఒకామెకు మోకాళ్ళ నొప్పులు, ఒకామె మనవడికి పరీక్షలు, ఇంకొకామె గేదె మేత ముట్టడం లేదు. ఆ తరువాత మా అమ్మ గొంతు వినిపించింది. "మా పిల్లోడు ఏదో సిమెంటు షేరు పట్టుకోని కూచున్నాడమ్మా లోపల. రెండు నెల్ల నుంచి సరిగా అన్నం తినల్యా. ఆ షేరు పైకి పోవల్లని అందరూ ప్రార్థన చేయండమ్మా."

నా గొంతులో కాఫీ అడ్డం పడింది. పైకా! పైకి పోతే నేను పోతాను కదా! లేచి, 'అమ్మా, పైకి కాదు, కిందికి' అని కర్టెన్ తీయబోయాను. సరిగ్గా అప్పుడు ఎర్రగుంట్ల అత్త గొంతు ఖంగుమంది. ఎర్రగుంట్ల అత్త నిజానికి నాకు చుట్టమేమీ కాదు, సంఘంలో పిల్లలందరికీ అత్తే. ఆమె భర్త సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు.

"ఏ కంపెనీ వదినా? ... అదా! అది మా ఇంటాయన కంపెనీనే గదా! ఇంగ చూడు, ఎట్ల పోదో చూస్తాం" అంది.

నేను కర్టెన్ వదిలేశాను. ఆ కంపెనీ జీతంతో బతికే ఇల్లాలి ముందు నిలబడి, అది పడిపోవాలని ప్రార్థించండి అని ఎలా చెప్పడం? తిరిగొచ్చి కూచున్నాను. హాల్లో ఇరవై గొంతులు ఒక్కసారిగా లేచాయి. మీరు నమ్మినా నమ్మకపోయినా, అప్పటిదాకా చల్లగా దిగుతున్న షేరు ఆగింది. మూడొందల తొంభై తొమ్మిది. నాలుగొందలు. "స్తోత్రం!" అంటే అర్ధరూపాయి, "ఆమెన్" అంటే ముప్పావలా. నాలుగొందల రెండు. నాలుగొందల మూడున్నర. ముప్పై ఎనిమిది రోజులు నేర్చుకున్నదంతా నా నెత్తిమీద నుంచి ఆవిరైపోయింది. ప్రార్థన అయిపోగానే దిగుతుంది కదా, ఒక్క మూడు రూపాయలు జరిపితే ఏమవుతుంది, నాయన లైబ్రరీలో ఉన్నాడు, పుస్తకంలో ఐదు అని రాసింది ఎనిమిదిగా దిద్దడం ఎంతసేపు! నాలుగొందల నాలుగూ ఇరవై. హద్దు మార్చే గడిలో 408 అని కొట్టాను. ఇంక బటన్ నొక్కడమే.

కర్టెన్ సర్రుమని పక్కకు పోయింది. "ఈడేం చేస్తాండావురా ఒక్కనివే? నీ కోసరమే గదా మేమంతా మోకరించింది! రా!" అంటూ ఎర్రగుంట్ల అత్త నా ఎడమ మణికట్టు పట్టుకుని లాగింది. ఆమె రోజూ రెండు బిందెలతో నీళ్ళు మోసే మనిషి. నేను కుర్చీతో సహా లేచాను. క్షణంలో ఆడవాళ్ళ వలయం మధ్య మోకాళ్ళ మీద ఉన్నాను. ఎడమచెయ్యి అత్త పట్టులో, కుడిచెయ్యి మా అమ్మ పట్టులో. లోపల లాప్‌టాప్‌లో 408 నా కోసం ఎదురుచూస్తోంది.

ఎర్రగుంట్ల అత్త ప్రార్థన ఎత్తుకుంది. ఆమె ప్రార్థన ఎర్రగుంట్ల రైల్వేస్టేషన్‌లో బయలుదేరుతుందని మా సంఘంలో అందరికీ తెలుసు. అక్కడినుంచి సిమెంటు లారీల డ్రైవర్లు, బట్టీ దగ్గర వేడిలో పనిచేసేవాళ్ళు, వాళ్ళ భార్యాపిల్లలు, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, జిల్లాలో వానలు, దేశాన్ని ఏలేవాళ్ళు, చివరికి సముద్రాల మీద ఓడల్లో ఉన్నవాళ్ళు. ఆమె ఇంకా లారీల దగ్గరుండగానే నా చొక్కా జేబులో ఫోను బుర్రుమంది, ధర హద్దుకు ఆనబోతోందని. కుడిచెయ్యి లాక్కోబోయాను. మా అమ్మ పట్టు బిగిసింది. ఇంకా గట్టిగా గుంజాను. ఇంకా గట్టిగా బిగిసింది. ప్రార్థనలో లీనమైపోయిందనుకున్నాను. ఓడలు రేవు చేరేసరికి పదకొండు నిమిషాలు పట్టింది.

ఆమెన్ అనగానే గదిలోకి ఉరికాను. హద్దు తగిలింది. వంద షేర్లు నాలుగొందల ఐదుకు కొనేసి మెషీన్ నన్ను బయటికి నెట్టేసింది. ఐదు వందలు పోయాయి. ధర నాలుగొందల తొమ్మిది దగ్గరుంది, ఇంకా ఎగురుతూనే ఉంది. బస్తా ధర పెంచుతున్నామని కంపెనీ ప్రకటించిందని తరువాత తెలిసింది. సాయంత్రానికి నాలుగొందల పద్దెనిమిదికి చేరింది. నా సంగతి నాకు తెలుసు: ఎనిమిదికి జరిపేవాణ్ణి, తరువాత పదకొండుకు, తరువాత పదిహేనుకు. ఆ రోజు నేను మునిగేది ఐదు వందల్లో కాదు.

"ఏమాయరా? పెరిగినాదా?" అత్త వెనకే వచ్చి నిలబడింది. ఆమె వెనక ఇరవైమంది.

"పెరిగింది అత్తా. ఇంకా పెరుగుతాంది."

ఇల్లు దద్దరిల్లింది. మోకాళ్ళ నొప్పులామె చప్పట్లు కొట్టింది. "మరి నీకెంతరా?" అంది అత్త.

నేను ఆ ముఖాలన్నీ చూశాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు, నిజం చెప్పడానికి అంతకంటే రాలేదు. "ఐదు వందలు" అని ఊరుకున్నాను. వచ్చాయో పోయాయో చెప్పలేదు. (అంకె మాత్రం నిజమే.) మా అమ్మ నా ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. తరువాత చెయ్యి చాపి, "అయితే దశమభాగం యాభై. తీయి" అంది అందరి ముందూ. వచ్చినదాంట్లో పదోవంతు దేవుడికివ్వడం మా ఇంటి వాడుక. జేబులోంచి యాభై రూపాయల నోటు తీసి ఇచ్చాను. నష్టానికి దశమభాగం కట్టినవాడు ఆ మార్కెట్టు మొత్తంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

సాయంత్రం ఆరుకు మా నాయన పుస్తకం తెరిచాడు. "హద్దు ముందే రాసినావు, ఐదు. లెక్క సరిగ్గా ఉంది, రెండు. జరపలేదు, మూడు. పదికి పది" అని ఎర్ర పెన్ను ఎత్తాడు. నేను ఊరుకుంటే అయిపోయేది. కానీ నేను ఆ పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టాను. ఎన్ని తప్పులు చేసినా, ఆయన పెన్ను కింద దొంగ మార్కులు తెచ్చుకున్నవాణ్ణి కాదు.

"నాయనా, జరపబోయినా. నాలుగొందల ఎనిమిది అని కొట్టినా కూడా. ఎర్రగుంట్ల అత్త వచ్చి చెయ్యి పట్టుకోని ఈడ్చుకపోయె. లేకుంటే నొక్కేటోన్నే."

ఆయన పెన్ను గాలిలో ఆగిపోయింది. బీరువా వైపు ఒకసారి చూశాడు. తరువాత పదికి ఏడు వేసి, మార్జిన్‌లో రాశాడు: 'మిగతా మూడు - ఎర్రగుంట్ల అత్తవి.' పెన్ను మూసి, "జరపల్యా గాబట్టి ఫెయిల్ కాదు. నువ్వు నిలబడల్యా గాబట్టి పాసూ కాదు. రేపు నలభయ్యో పొద్దు. రేపు ఇంట్లో ఎవురూ ఉండరు. నేను, మీయమ్మ ప్రొద్దుటూరు పోతాం. నీ చెయ్యి నువ్వే పట్టుకో" అన్నాడు.

మరునాడు నిజంగానే ఇల్లు ఖాళీ. వేరే షేరు, ఎనిమిది వందల యాభై దగ్గర. రోజుకు ఇరవై రూపాయలు ఎగిరే పొట్టేలు పిల్ల. అందుకే యాభై షేర్లే కొన్నాను, హద్దు ఎనిమిది వందల నలభై. గంటకల్లా ఎనిమిది వందల నలభై రెండుకు దిగింది. ఇల్లంతా నిశ్శబ్దం. ఫ్యాను శబ్దం కూడా నన్ను చూసి నవ్వుతున్నట్టుంది. వేలు దానంతటదే మౌస్ మీదికి పాకింది. నలభై ఒకటి. అప్పుడు లేచి, గది మధ్యలోకి పోయి, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఎర్రగుంట్ల రైల్వేస్టేషన్‌లో బయలుదేరాను. లారీలు, బట్టీలు, వానలు, ఏలేవాళ్ళు, అన్నీ వరసగా. ఓడల దాకా పోయి వచ్చి చూస్తే హద్దు తగిలి ఉంది. ఐదు వందలు పోయాయి. మధ్యాహ్నానికి ఆ షేరు మళ్ళీ లేచి ఎనిమిది వందల డెబ్బైకి పోయింది! జరిపి ఉంటే వెయ్యి రూపాయలు లాభం. ముందురోజు హద్దు నన్ను కాపాడింది, ఈ రోజు అదే హద్దు నన్ను ముంచింది. అయినా నేను ఆ ఖాళీ ఇంట్లో గంతులు వేశాను. ఐదు వందలు పోగొట్టుకుని అంత సంబరపడినవాణ్ణి మీరెక్కడా చూసి ఉండరు.

ఆ సాయంత్రం పదికి పది పడ్డాయి. తరువాత నేను కూచుని నలభై రోజుల నికర లాభం తేల్చాను. రెండు వేల మూడు వందల రూపాయలు. రోజుకు అరవై కూడా లేదు. మా నాయన ఫారం చింపేయబోతుంటే ఆపి, పెన్ను అడిగి సంతకం పెట్టాను. ఆయన ఆశ్చర్యపోయి, "పాసైనావు గదరా?" అన్నాడు. "పాసైనా నాయనా. కానీ రోజుకు అరవై రూపాయలతో పాసైనోడు ఏం తింటాడు? పైగా..." అని ఆగాను. పైగా ఆ ఎర్ర పెన్ను నాకు నచ్చింది. అది ఆయనకు అప్పుడు చెప్పలేదు.

ఆ ఆదివారం గుడిలో మరో ముచ్చట జరిగింది. కృతజ్ఞత కానుకలు కవర్లలో వేసి, పైన కారణం రాసిస్తే, పాస్టరుగారు అందరి ముందూ చదువుతారు. మా అమ్మ కవరు తీసి ఆయన చదివాడు: "కుమారుని చేయి కాపాడబడినందుకు యాభై రూపాయలు." సంఘమంతా నా వైపు తిరిగింది. మా అమ్మ ఏదో రాయబోయి ఏదో రాసిందనుకున్నాను. ఆ మధ్యాహ్నం నుంచి మా ఇంటికి జనం, సంచుల నిండా చీనీకాయలు, అదే బత్తాయిలు. "ఏ చెయ్యిరా? బండి మీంచి పడినావా?" అని ఒకరు, "కట్టు కట్టల్యా యాలా?" అని ఒకరు. ఎర్రగుంట్ల అత్త తైలం సీసా తెచ్చి, చక్కగా ఉన్న నా చేతిని మోచేతి దాకా రుద్దిపోయింది. చీనీకాయలు పది రోజులు తిన్నాం.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నేను పులివెందులలో లెక్కల సారును. దసరా, వేసవి సెలవుల్లో మాత్రం, ఐదు వందల లెక్క తప్పకుండా, చిన్నగా షేర్లు చేస్తుంటాను. మేడలు కట్టలేదు, ఉన్నది పోగొట్టుకోనూ లేదు. మొన్న వేసవిలో జమ్మలమడుగు పోయినప్పుడు, మా అమ్మ చీనీకాయ ఒలుస్తుంటే ఆ పది రోజులు గుర్తొచ్చి, ఇన్నేళ్ళకు నిజం చెప్పేశాను. "అమ్మా, ఆ పొద్దు ఐదు వందలు రాలేదు. పోయినాయి. నేను ముందే అమ్మింటి. నువ్వు నష్టానికి దశమభాగం తీసుకుంటివి."

ఆమె తొన తీసి నా చేతిలో పెట్టి, "తెలుసు లేరా" అంది. "జేబులో ఫోను మోగితానే నీ కుడిచెయ్యి పారిపోవల్లని గుంజె. లాభమొచ్చేటోని చెయ్యి అట్ల గుంజుతాదా? ఏం తప్పు చేయబోతాండావో నాకేం తెలుసు. వదిలితే ఏదో చేస్తావని మాత్రం తెలుసు. అందుకే బిగబట్టినా."

"మరి అందరి ముందర దశమభాగం యాలా అడిగితివి?"

"ఇంటి నిండా మంది ఉండిరి. నా కొడుకు దుడ్లు పోగొట్టుకున్యాడని వాళ్ళ ముందర నీతో చెప్పించల్లనా? యాభై అడిగితే ఇంగ ఎవురూ ఏమీ అడగరని అడిగినా. అయినా ఆ యాభై నష్టానికి కాదు. కవరు మీద సరిగానే రాసినా గదా, నువ్వే వినల్యా."

లేచిపోయి బీరువాలో ఆ నోటుపుస్తకం వెతికి తీశాను. ముప్పై తొమ్మిదో రోజు పేజీలో మా నాయన ఎర్ర సిరా కొంచెం వెలిసిపోయింది గానీ అక్షరాలు అలాగే ఉన్నాయి. ఎడమచెయ్యి పట్టుకున్నది ఎర్రగుంట్ల అత్త. బటన్ నొక్కే చెయ్యి కుడిది. నా జేబులో ఇప్పుడు ఎప్పుడూ ఒక ఎర్ర పెన్ను ఉంటుంది. తీసి, 'ఎర్రగుంట్ల అత్తవి' అన్నది కొట్టేసి, పక్కన 'అమ్మవి' అని రాసి, దిద్దిన తేదీ వేసి, సంతకం కోసం మా నాయన దగ్గరికి తీసుకుపోయాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, చదివి, "ఇంత ఆలస్యంగా దిద్దుతారా ఎవురన్నా?" అని విసుక్కుంటూనే సంతకం పెట్టాడు.